గోరంత వెనక

ఆరేళ్ళ యేరిన్ పియానో మీద ప్రతి మెట్టూ గోరంత ఆలస్యంగా నొక్కేది. ఆ గోరంతతో కెజియా ప్రాణం విసిగిపోయింది.

కెజియాది హిందూపురం. పెనుకొండ దారిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊళ్ళో కొరియా కుటుంబాలు దిగాయి. వాళ్ళ వెనకే వాళ్ళ హోటలు, వాళ్ళ సరుకుల కొట్టు, చివరికి వాళ్ళ పియానోలు కూడా దిగాయి. మనం పిల్లకు ఐదో ఏడు రాగానే పలకా బలపం చేతికిచ్చినట్టు వాళ్ళు పియానో ముందు కూర్చోబెడతారు. నేర్పేవాళ్ళ కోసం వెతికితే ఊరంతటికీ కెజియా ఒక్కతే దొరికింది. చర్చిలో వాయిస్తుంది. బెంగళూరు వెళ్ళి పెద్ద పరీక్షలు రాసి నెగ్గి వచ్చింది. ఆ సంగతి ఎవరైనా అడిగితే చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

ఇంటింటికీ వెళ్ళి పాఠం చెప్పేది. గుమ్మంలో అడుగుపెట్టగానే పిల్లలు నడుము వంచి దండం పెట్టేవాళ్ళు. పుస్తకం ఇస్తే రెండు చేతులా అందుకునేవాళ్ళు. పెన్సిలు అడిగితే విసిరేసే పిల్లలను చూసిన కళ్ళకు ఇదంతా పండగలా ఉండేది. నేర్పడమంటే ఇదీ అనుకునేది కెజియా.

ఆమె పద్ధతి ఒకటే. పిల్లల పక్కన కుర్చీ వేసుకుని, వాళ్ళు వాయించే పాటనే పై స్థాయిలో తానూ వాళ్ళతో కలిసి వాయించేది. నడక నేర్చే పిల్లకు వేలు అందించినట్టు. ఈ పద్ధతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మనసులోని పాత కోపం చెప్పింది. తనకు పియానో నేర్పిన సలోమమ్మ టీచరమ్మ ఏ రోజూ తనతో కలిసి వాయించలేదు. ఒక మెట్టు నొక్కి చూపించి, పక్కకు జరిగి, చేట ఒళ్ళో పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. ఎనిమిదేళ్ళ కెజియా వేళ్ళు తడబడుతుంటే ఆవిడ కాయలు పటుక్కుమంటూ ఉండేవి. టీచరమ్మకు తనకంటే ఆ కాయలే ముద్దు అనుకుని ఎన్నిసార్లు ఏడ్చిందో. నేను మాత్రం నా పిల్లలను ఒంటరిగా వదలను అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

మిగతా పిల్లలు ఆ వేలు పట్టుకుని చకచకా నడిచేశారు. యేరిన్ దగ్గరే బండి ఆగింది.

కెజియా నొక్కాక గానీ యేరిన్ నొక్కదు. కలిసి నొక్కమంటే తల ఊపుతుంది, మళ్ళీ గోరంత వెనకే నొక్కుతుంది. వేగంగా వాయిస్తే వేగంగా వెనకపడుతుంది, నెమ్మదిగా వాయిస్తే నెమ్మదిగా వెనకపడుతుంది. చెవిలో లోపమేమో అనుకుని, టక్ టక్‌మని తాళం కొట్టే మెట్రోనోమ్ డబ్బా తెచ్చి పెట్టి, తాను పక్క గదిలోకి వెళ్ళింది. యేరిన్ ఆ డబ్బాతో అక్షరం పొల్లు పోకుండా వాయించింది. కెజియా తిరిగి వచ్చి కుర్చీలో కూర్చోగానే మళ్ళీ మొదటికే వచ్చింది.

సరే, ఒక్కదానివే వాయించు అని పక్కన కూర్చుంటే, పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కెజియా వేళ్ళ వైపు చూస్తూ కూర్చునేది. ఎంతసేపైనా సరే.

పరీక్షలు నెగ్గినవాళ్ళకు అనుమానమొస్తే తమ మీద రాదు. కెజియా ఒక నిర్ణయానికి వచ్చింది. డబ్బా మాట వింటుంది, నా మాట వినదు. ఇది చెవి కాదు, పొగరు.

శనివారం పిల్లల కచేరీ. వాళ్ళ అపార్ట్‌మెంటు కింది హాల్లోనే ఏర్పాటు చేశారు. యేరిన్‌ను ఈసారికి పక్కన పెడదామనీ, అసలు బొమ్మలు గీయడం నేర్పిస్తే మంచిదేమోననీ కెజియా పిల్ల తల్లితో అంది. ఆ తల్లి నడుము వంచి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి, "మా అమ్మాయి మొద్దు. మీకు చాలా శ్రమ ఇస్తోంది. క్షమించండి" అంది.

తల్లే ఒప్పుకుంది కదా అనుకుంది కెజియా. తలుపు దాకా వచ్చాక ఆ తల్లి మెల్లిగా మరో మాట కూడా అంది. కొరియా నుంచి వాళ్ళ అత్తగారు వచ్చి ఉంది. మనవరాలి పాట వినాలని కచేరీ దాకా ఆగింది. ఆదివారం విమానం. ముసలి ప్రాణం, మళ్ళీ ఇంత దూరం రాగలదో లేదో.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వెళ్ళాల్సిన కెజియా సలోమమ్మ ఇంటికి వెళ్ళింది.

టీచరమ్మ వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చేట, చేటలో వేరుశనక్కాయలు. మిషన్ బడిలో సంగీతం చెప్పడం మానేసి చాలా కాలమైంది గానీ కాయలు మాత్రం మానలేదు.

"ఏం మే, మొగం అట్ల మాడ్చుకోని వచ్చినావు?"

కెజియా అంతా చెప్పుకుంది. చెప్పేటప్పుడు తన పరీక్షల సంగతి కూడా ఒకసారి వచ్చి పోయింది. సలోమమ్మ తల ఎత్తకుండా విన్నది.

"డబ్బాతో అయితే సరిగ్గా వాయిస్తాదా?"

"గడియారం మాదిరి వాయిస్తాది టీచరమ్మా. నాతోనే కలిసి రాదు. అదే నా కడుపుమంట."

"ఆ డబ్బా వయసెంత?"

కెజియాకు అర్థం కాలేదు. "పోయిన క్రిస్మస్‌కు కొంటిని. ఏం?"

"అంటే పాప కంటే చిన్నదే" అని సలోమమ్మ ఇంకో కాయ పటుక్కుమనిపించింది.

పాపం, టీచరమ్మకు మతి తప్పుతోంది అనుకుంది కెజియా. లేవబోయింది.

"రేపు పాఠానికి పోతావు గదా? నన్నూ పిలుచుకోని పో" అంది సలోమమ్మ.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. యేరిన్ వాళ్ళ నాయనమ్మ ఎదురొచ్చింది. చిన్న మనిషి, నెరిసిన ఉంగరాల జుట్టు. సలోమమ్మను నఖశిఖపర్యంతం చూసి ఏదో అడిగింది. యేరిన్ తన బడి తెలుగులో, "హల్మొని మీ వయసు ఎంత అని అడుగుతోంది" అంది. వాళ్ళ భాషలో నాయనమ్మను అలా అంటారు.

చూసీ చూడగానే వయసు అడిగితే కెజియాకు చురుక్కుమంది. సలోమమ్మ మాత్రం సంబరంగా చెప్పింది. పిల్ల దాన్ని కొరియా లెక్కలో చెప్పింది. ముసలావిడ వేళ్ళు ముడిచి చూసుకుని, తనకంటే సలోమమ్మ ఒక ఏడాది పెద్దదని తేలగానే, నడుము ఇంకాస్త వంచింది. అంతవరకు తాను కూర్చున్న మెత్తటి చోటు ఖాళీ చేసి సలోమమ్మను కూర్చోబెట్టింది.

పాఠం మొదలైంది. కెజియా ఒక వేలు, వెనకే యేరిన్ ఒక వేలు. కెజియా ఇంకో వేలు, గోరంత వెనక యేరిన్ ఇంకో వేలు. టీచరమ్మ ముందు ఈ తలవంపులు ఏమిటని కెజియాకు చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగి చూస్తే సలోమమ్మ సోఫాలో కళ్ళు మూసుకుని ఉంది.

"చూసినారా టీచరమ్మా?"

"కండ్లు మూసుకోనుంటే యాడ చూసేది? విన్నా."

"ఏం చేయమంటారు మరి?"

"ముందు అన్నానికి పిలుస్తాండారు, చూడు" అంది సలోమమ్మ.

నిజమే. యేరిన్ తల్లి బల్ల మీద అన్నీ సర్దేసింది. పొగలు కక్కే అన్నం, సముద్రపు నాచుతో చేసిన చారు, వేయించిన చేప, ఎర్రగా ఊరిన క్యాబేజీ పచ్చడి. మధ్యాహ్నం నుంచి ఏమీ తినని కెజియా కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి.

సలోమమ్మ ప్రార్థన చేసింది. ఎప్పుడూ రెండు ముక్కల్లో ముగించే మనిషి, ఆ పూట ఊళ్ళోవాళ్ళందరినీ తలుచుకున్నట్టుంది. ఆమేన్ అనగానే కెజియా చెంచా అందుకుని అన్నం నోట్లో పెట్టుకుంది. వెంటనే చేప ముక్క. దాని మీద పచ్చడి. కారం నషాళానికి అంటినా బాగుంది.

రెండో చెంచా నోటి దగ్గరికి తీసుకుపోతూ ఎందుకో తల ఎత్తింది. బల్ల చుట్టూ ఎవరూ తినడం లేదు.

సలోమమ్మ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటోంది. ఒక అద్దం అయింది, రెండో అద్దం మొదలైంది. హల్మొని సలోమమ్మ వైపు చూస్తోంది. తల్లి హల్మొని వైపు చూస్తోంది. యేరిన్ మాత్రం కెజియా వైపే చూస్తోంది, కళ్ళు ఇంతింత చేసుకుని. బడిలో ఎవరో హెడ్మాస్టరు గారి కుర్చీలో ఎక్కి కూర్చుంటే పిల్లలు చూసే చూపు అది.

నోట్లో ముద్ద అటూ పోలేదు, ఇటూ రాలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా! కెజియా చెంచా మెల్లిగా కింద పెట్టింది.

అప్పుడు యేరిన్ చేతులు కనిపించాయి. రెండూ ఒళ్ళో, ఒకదాని మీద ఒకటి. ఆకలి పిల్లకూ ఉంది, గొంతు మింగుతోంది. చేతులు మాత్రం కదలడం లేదు. ఆ చేతులు అలా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం కెజియా నెలల తరబడి చూసింది. పియానో ముందు.

సలోమమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, చెంచాతో చారు తీసుకుని ఒక్క గుక్క తాగింది. హల్మొని చెంచా లేచింది. తల్లి చెంచా లేచింది. ఆ తరవాత, గోరంత వెనక, యేరిన్ చెంచా.

ఒక్క గుక్క తాగి సలోమమ్మ చెంచా పక్కన పెట్టేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్ల తినడం చూస్తూ కూర్చుంది. యేరిన్ ఇక ఎవరి వైపూ చూడలేదు. చేపను ముల్లు లేకుండా ఒలుచుకుని, అన్నంలో కలుపుకుని, బుగ్గలు నింపుకుని తినసాగింది.

కెజియాకు మాత్రం ఆ అన్నం మరి దిగలేదు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల తనకు దండం పెట్టినట్టే ఒక్కో మెట్టూ నొక్కింది. తాను దానికి పొగరని పేరు పెట్టింది.

భోజనాలయ్యాక సలోమమ్మ, "పాపా, ఆ పాట ఇంకోసారి వాయిస్తావా?" అంది.

యేరిన్ వెళ్ళి కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అలవాటు కొద్దీ కెజియా పక్క కుర్చీ వైపు నడిచింది. సలోమమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, ఆ కుర్చీలో తాను కూర్చుంది. ఒక వేలితో కింది స్థాయిలో ఒక్క మెట్టు నొక్కింది. అది మోగి మోగి ఆగేదాకా ఉండి, చేయి తీసేసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

యేరిన్ ఆ ముసలి వేళ్ళ వైపు చూసింది. అవి మళ్ళీ లేస్తాయేమోనని కాసేపు ఆగింది. లేవలేదు. అప్పుడు తన చేతులు మెట్ల మీద పెట్టి పాట మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట తప్పింది. ఆగి, వెతుక్కుని, సరిచేసుకుని, చివరిదాకా వెళ్ళింది.

తల్లి సిగ్గుపడుతూ, "మొద్దు పిల్ల. మీకు శ్రమ" అంది మళ్ళీ.

"మా కెజియా అయితే చిన్నప్పుడు ఇంతకన్నా మొద్దు తల్లీ. ఇప్పటికీ అంతే, చానా శ్రమ" అంది సలోమమ్మ చేతులు జోడించి.

కెజియా ఉలిక్కిపడింది. యేరిన్ ఆ మాట చెవిలో చెప్పగానే హల్మొని మాత్రం నోరారా నవ్వి, సలోమమ్మ చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పిల్లలను ఎంత ముద్దు చేసుకుంటే అంతగా పరాయివాళ్ళ ముందు తీసేసి మాట్లాడే ఇళ్ళు రెండు దేశాల్లోనూ ఉన్నాయి మరి.

ఇద్దరూ ఆటోలో తిరుగు దారి పట్టారు.

"మీకెట్ల తెలిసె టీచరమ్మా?" అంది కెజియా.

"నాకేం తెలుసు మే. ఒక గుక్క చారు తాగితిని, అంతే. ఆ చేప బాగున్నట్లుంది, తినలేకపోతి" అంది సలోమమ్మ.

శనివారం హాలు నిండింది. చెప్పులన్నీ బయట విడిచి అందరూ బారుగా కూర్చున్నారు. ముందు వరసలో హల్మొని, పక్కన సలోమమ్మ. వయసు ప్రకారం కుడివైపు చోటు సలోమమ్మదే. మిగతా పిల్లలతో కెజియా ఎప్పటిలాగే పక్కన కూర్చుని వాయించింది. వాళ్ళు చక్కగా వాయించారు, లేచి దండం పెట్టారు, చప్పట్లు మోగాయి. ఎవరు ఎంత వాయించారో ఆ రోజు కెజియాకే అనుమానంగా ఉంది.

యేరిన్ వంతు వచ్చింది. పసుపు గౌను, నున్నగా దువ్విన జుట్టు. వంగి దండం పెట్టి, పియానో ముందు బల్ల ఎక్కి కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

హాలంతా ఎదురుచూసింది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆ తల్లి ముఖం పాలిపోయింది.

కెజియా వెళ్ళింది. నిలబడే, ఒక్క వేలితో, కింది స్థాయిలో ఒక్క మెట్టు నొక్కింది. అది మోగుతూ ఉండగానే వెనక్కి తిరిగి, నడుచుకుంటూ వచ్చి, సలోమమ్మ పక్కన కూర్చుంది. అంత దూరం ఏ పిల్లనూ వదిలి రాలేదు ఆమె ఎప్పుడూ.

యేరిన్ తల తిప్పి చూసింది. టీచరు కూర్చుని ఉంది, లేచి రావడం లేదు.

కెజియా వేళ్ళు ఒళ్ళో నిలవలేదు. మొదటి స్వరం అందించడానికి వాటంతట అవే లేస్తున్నాయి. ఆ పిల్ల చూపు ఇంకో క్షణం అలాగే ఉంటే లేచి పరుగెత్తేదే. అంతలో సలోమమ్మ సంచిలోంచి గుప్పెడు వేరుశనక్కాయలు తీసి, కెజియా రెండు అరచేతుల్లో పోసి, పైనుంచి తన చేత్తో మూసింది. చూపు మాత్రం పియానో మీదే ఉంది.

యేరిన్ ముందుకు తిరిగింది. వాయించడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఆ పిల్ల గోరంత కూడా వెనకపడలేదు. వెనకపడటానికి ముందు ఎవరూ లేరు. తప్పేచోట మళ్ళీ తప్పింది. కెజియా గుప్పిట్లో కాయలు పటపటమన్నాయి. పిల్ల ఆగి, వెతుక్కుంది. దొరికింది. పాట సాగింది. పక్కన హల్మొని చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింటోంది.

చప్పట్ల మధ్య కెజియా గుప్పిట విప్పింది. కాయలన్నీ నలిగి, పొట్టూ పప్పూ కలిసిపోయి ఉన్నాయి. అరచేతుల్లో ఎర్రగా గుర్తులు పడ్డాయి.

"ఊరికే కూచోవడం ఇంత కష్టమా టీచరమ్మా?" అంది.

సలోమమ్మ ఆ అరచేతిలోంచి ఒక పప్పు ఏరుకుని నోట్లో వేసుకుంది.

"నీ ఒక్కదానికి ఎన్ని మూటలు ఒలిచింటానో, నీకేం తెలుసు మే" అంది.